మస్టాంగ్ ముక్కు కుదురుగా నిలవాలంటే: జాయ్‌స్టిక్ సెన్సిటివిటీ డైరీ

పని ఏమిటంటే

డీసీఎస్ వరల్డ్ అనే విమాన సిమ్యులేటర్‌లో పీ-51డీ మస్టాంగ్ అనే రెండో ప్రపంచయుద్ధపు అమెరికన్ యుద్ధవిమానం నడుపుతున్నాను. లేపడం వచ్చింది, దింపడం వచ్చింది, జర్మన్ యుద్ధవిమానం బీఎఫ్-109 వెనకాలకి చేరడం కూడా వస్తోంది. చేరాక మాత్రం తూటా తగలట్లేదు. గన్‌సైట్ చుక్క శత్రువు మీదికి వస్తుంది, దాటిపోతుంది, వెనక్కి లాగితే మళ్లీ అవతలికి దాటుతుంది. ట్రిగ్గర్ నొక్కే సమయానికి చుక్క ఎక్కడుంటుందో అదృష్టం మీద ఆధారపడుతోంది.

ఎంత సన్నగా గురిపెట్టాలో ముందు లెక్క వేసుకున్నాను. 300 మీటర్ల దూరంలో వెనక నుంచి చూస్తే 109 రెక్కల పొడవు సుమారు 10 మీటర్లు, కానీ మనకు కావాల్సింది మధ్యలోని మొండెం, దాని వెడల్పు మీటరులోపే. 300 మీటర్ల దగ్గర మీటరంటే 0.19 డిగ్రీ. నా మానిటర్ 1920 పిక్సెళ్లది, చూపు కోణం 80 డిగ్రీలు పెట్టుకుంటాను. ఆ లెక్కన తెర మధ్యలో ఆ మీటరు నాలుగు పిక్సెళ్లు. ఆ నాలుగు పిక్సెళ్లలో ముక్కు కనీసం ఒక సెకను నిలవాలి. కె-14 గైరో సైట్ వాడితే ఇది ఇంకా ముఖ్యం. కదిలే శత్రువుకి ఎంత ముందు గురిపెట్టాలో (లీడ్) అది చూపిస్తుంది. చెయ్యి వణికితే గైరో చుక్క ఊగులాడుతూనే ఉంటుంది, లీడ్ లెక్క కుదరదు.

కాబట్టి ఈ ప్రాజెక్టుకి లక్ష్యం ఒకటే: గంటకి 250 మైళ్ల వేగంలో, తిన్నగా వెళ్తున్నప్పుడూ మలుపులో లాగుతున్నప్పుడూ కూడా ముక్కు నిలబడేలా పిచ్ (ముక్కు పైకీ కిందకీ), రోల్ (రెక్కలు పక్కకి వంగడం), రడ్డర్ (ముక్కు కుడికీ ఎడమకీ) సెట్టింగులు కుదర్చడం. కొత్త జాయ్‌స్టిక్ కొనకుండా.

శనివారం: కర్వ్ జోలికి పోకముందు

నా దగ్గరున్నది బల్ల మీద పెట్టుకునే మామూలు రకం. లోపల కదలికని కొలిచే పొటెన్షియోమీటర్లు, పిడిని తిప్పితే రడ్డర్. ఎక్స్, వై అక్షాలు 10 బిట్లు, అంటే 1024 మెట్లు. మధ్య నుంచి ఒక వైపుకి 512. పిడి తిప్పే అక్షం మాత్రం 8 బిట్లే, ఒక వైపుకి 128 మెట్లు. ఒక్కో మెట్టు దాదాపు 0.8 శాతం. రడ్డర్ దగ్గర ఇది గుర్తుంచుకోవాలి.

విండోస్ రన్ పెట్టెలో జాయ్ డాట్ సీపీఎల్ కొట్టి, ప్రాపర్టీస్‌లో చిన్న ప్లస్ గుర్తు కదలిక చూశాను. చెయ్యి తీసేశాక గుర్తు నిలకడగానే ఉంది, వణుకు లేదు. తర్వాత డీసీఎస్‌లో కంట్రోల్స్ పేజీకి వెళ్లి, పిచ్ అక్షం ఎంచుకుని, యాక్సిస్ ట్యూన్ తెరిచాను. ఇక్కడ ఇన్, అవుట్ రెండూ కనిపిస్తాయి: చెయ్యి ఇచ్చింది ఎంత, విమానానికి చేరింది ఎంత. స్టిక్‌ని వెనక్కి లాగి మెల్లగా వదిలితే మధ్య కంటే రెండు శాతం వెనక ఆగుతోంది. ముందుకు నెట్టి వదిలితే ఒక శాతం ముందు ఆగుతోంది. స్ప్రింగ్ పళ్లెం దగ్గర రాపిడి వల్ల వచ్చేది ఇది, చవక రకాలన్నిటిలోనూ ఎంతోకొంత ఉంటుంది.

అడుగు మరలు విప్పి, స్ప్రింగ్ పళ్లెం జారే అంచు మీద సిలికాన్ గ్రీజు పల్చగా రాశాను. ప్లాస్టిక్ ఉన్నచోట పెట్రోలియం గ్రీజు, స్ప్రే నూనెలు వద్దు. కొన్ని రకాల ప్లాస్టిక్ పెళుసెక్కవచ్చు, పొటెన్షియోమీటర్ లోపలికి నూనె చేరితే రీడింగ్ గెంతులు వేస్తుంది. గ్రీజు రాశాక వచ్చిన తేడా చేతికి వెంటనే తెలిసింది. అంతకుముందు స్టిక్ మధ్యలో పట్టేసినట్టు ఉండేది. బలం పెంచితే ఒక్కసారిగా వదిలేది. ఆ వదలడమే తెర మీద నాలుగు పిక్సెళ్లు దాటించేది. సాఫ్ట్‌వేర్‌లో ఏ గీత గీసినా దీన్ని సరిచేయలేం.

ఇంకొకటి. జాయ్‌స్టిక్‌ని బల్ల మీంచి తీసి, ఒక చెక్క పలకకి బిగించి, కుర్చీలో మోకాళ్ల మధ్య పెట్టుకున్నాను. ముంజేయి తొడ మీద ఆనుతుంది. బల్ల మీదున్నప్పుడు భుజం కదిలేది, ఇప్పుడు మణికట్టు కదులుతోంది. ఈ మార్పుకి పైసా ఖర్చు లేదు, పైగా బల్ల మీద జరిగిపోయే జాయ్‌స్టిక్‌తో గురి చూడటం అనే బాధ కూడా పోయింది.

అదే రాత్రి: డెడ్‌జోన్

డెడ్‌జోన్ అంటే మధ్యలో స్టిక్ కదిపినా విమానానికి ఏమీ చేరని ఖాళీ. పిచ్‌కి 3, రోల్‌కి 3, రడ్డర్‌కి 6 శాతం పెట్టాను. పిచ్, రోల్ అంకెలు మధ్యలో స్టిక్ ఆగే తేడా కంటే కొంచెమే ఎక్కువ. రడ్డర్‌కి ఎక్కువ ఎందుకంటే, గట్టిగా లాగుతున్నప్పుడు పిడి మనకు తెలియకుండానే ఓ రవ్వ తిరుగుతుంది.

పిచ్ డెడ్‌జోన్ 8, 10 పెడితే ప్రశాంతంగా ఉంటుందని చాలామంది చెబుతారు. పెట్టి చూశాను. తిన్నగా ఎగిరేటప్పుడు నిజంగానే ప్రశాంతం. గురి చూసేటప్పుడు మాత్రం ప్రమాదం. చుక్క కొంచెం పైకి పోయిందని ముందుకు నెడతాం, డెడ్‌జోన్‌లో ఉన్నంతసేపు ఏమీ జరగదు, చెయ్యి ఇంకాస్త నెడుతుంది, అంచు దాటగానే ముక్కు దిగుతుంది, ఈసారి వెనక్కి. మళ్లీ అదే ఖాళీ దాటాలి. చెయ్యికీ ముక్కుకీ మధ్య ఈ ఆలస్యం ఊగిసలాటని పెంచుతుంది తప్ప తగ్గించదు.

ఈ ఊగిసలాట సిమ్యులేటర్ ఆడేవాళ్లకే పరిమితం కాదు. 1974 జనవరి 20న కాలిఫోర్నియాలోని ఎడ్వర్డ్స్‌లో వైఎఫ్-16 మొదటి నమూనాకి నేల మీద వేగంగా పరుగు తీసే పరీక్ష మాత్రమే జరగాలి. దాని సైడ్ స్టిక్ దాదాపు కదలదు, చెయ్యి ఎంత బలం పెడితే అంత సంకేతం. రోల్ గెయిన్ (చేతి సంకేతానికి విమానం ఎంత వంగాలన్న పాలు) ఎక్కువగా ఉండటంతో విమానం అటూ ఇటూ ఊగడం మొదలైంది, పైలట్ ఫిల్ ఓస్ట్రికర్ సరిదిద్దేకొద్దీ ఊపు పెరిగింది, తోక రెక్క రన్‌వేకి రాసుకుంది. నేల మీద ఉంటే విమానం దక్కదని ఆయన గాల్లోకి లేపేశాడు, ఆరు నిమిషాలు ఎగిరి క్షేమంగా దింపాడు. తర్వాత రోల్ గెయిన్ తగ్గించారు, ఫిబ్రవరి 2న అధికారికంగా మొదటిసారి ఎగిరింది. ఆ స్టిక్‌కి కూడా ఆ తర్వాత పావు అంగుళం పాటి కదలిక ఇచ్చారు, అస్సలు కదలకపోతే చేతికి లెక్క అందడం లేదని. ఎఫ్-16 లాంటి విమానం కూడా సెన్సిటివిటీ సర్దుకున్నాకే గాల్లో కుదురుకుంది. అందుకే ఈ పనిని చిన్న పనిగా చూడలేను.

ఆదివారం: ట్రిమ్

కర్వ్ అంటే చెయ్యి కదలికకి విమానానికి ఎంత చేరాలో చెప్పే గీత. దాని పరీక్షలకి ఒక మిషన్ చేసుకున్నాను. కాకసస్ మ్యాప్, సముద్రం మీద 2000 మీటర్ల ఎత్తు, ఎదురుగా తిన్నగా పోయే ఒక 109, గాలి లేదు. ఇంధనం 68 శాతం. ఈ అంకెకి కారణం ఉంది. మస్టాంగ్ రెక్కల్లో ఒక్కో ట్యాంకు 92 గ్యాలన్లు, సీటు వెనక ఇంకో 85. మొత్తం 269. రెక్కల్లోవి రెండూ కలిపి 184, అంటే 68 శాతం. అంతకు మించితే వెనక ట్యాంకులో బరువు చేరి, గరిమనాభి వెనక్కి జరిగి, ఎలివేటర్ (ముక్కుని లేపే, దించే తోక పలక) మరీ తేలికైపోతుంది. యుద్ధకాలపు పైలట్లు కూడా ఆ వెనక ట్యాంకునే ముందు ఖాళీ చేసేవాళ్లు. వెనక ట్యాంకు నిండుగా పెట్టుకుని కర్వ్ సర్దితే ఆ కర్వ్ ఇంకెక్కడా పనికిరాదు.

స్పెషల్ పేజీలో పీ-51డీ కింద టేకాఫ్ అసిస్టెన్స్ సున్నాకి దింపాను, ఆటో రడ్డర్ టిక్ తీసేశాను. ఇవి ఉంటే మనం తిప్పని రడ్డర్ కూడా కదులుతుంది, పరీక్షలో ఏది ఎవరిదో తెలియదు.

250 మైళ్ల దగ్గర వేగం నిలబడ్డాక ఎలివేటర్, రడ్డర్, ఐలెరాన్ (పక్కకి వంచే రెక్క పలక) ట్రిమ్‌లు, అంటే చెయ్యి పట్టకుండానే విమానం తిన్నగా పోయేలా సర్దే చక్రాలు, మూడూ సర్ది, చెయ్యి పూర్తిగా వదిలేశాను. విమానం తన మానాన తాను పోవాలి, విమానం పక్కకి జారుతోందో లేదో చూపే బంతి మధ్యలో ఉండాలి. కుడి కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కితే తెర మూలలో కంట్రోల్ ఇండికేటర్ వస్తుంది, స్టిక్ ఎక్కడుందో చిన్న గుర్తుతో చూపిస్తుంది. ట్రిమ్ కుదిరితే ఆ గుర్తు సరిగ్గా మధ్యలో.

కర్వ్‌కీ దీనికీ సంబంధం ఇది. కర్వ్‌లో మెత్తగా ఉండేది జాయ్‌స్టిక్ భౌతికంగా మధ్యలో ఉన్నప్పుడు. ట్రిమ్ లేక, తిన్నగా పోవడానికే స్టిక్‌ని పది శాతం ముందుకు నెట్టి పట్టుకోవాల్సి వస్తే, మన గురి అంతా ఆ మెత్తటి భాగానికి అవతల జరుగుతుంది. కర్వ్ బాగోలేదని అంకెలు మారుస్తూ పోయేవాళ్లలో చాలామందికి కావాల్సింది ట్రిమ్ చక్రం. తిన్నగా పోయే 109 మీద ఈ ఒక్క మార్పుతోనే తూటాలు తగలడం మొదలైంది. కర్వ్ ఇంకా సున్నాయే.

వారం మధ్యలో: అందరూ చెప్పే 30

మా బావ డీసీఎస్‌లోనే బ్రిటిష్ యుద్ధవిమానం స్పిట్‌ఫైర్ నడుపుతాడు. రాత్రిళ్లు ఇద్దరం హెడ్‌సెట్‌లు పెట్టుకుని ఒకే సర్వర్‌లో ఎగురుతాం.

"బావా, ఇన్ని పరీక్షలెందుకు? కర్వేచర్ 30 పెట్టేయ్. అందరూ అదే పెడతారు."

"పెడతాను బావా. కానీ మలుపులో ఏమవుతుందో చూసి చెబుతా."

పిచ్ కర్వేచర్ 30 పెట్టాను. తిన్నగా పోయే లక్ష్యం మీద అద్భుతం. చుక్క కదలదు. తర్వాత మిషన్‌లో 109ని మలుపు తిరిగేలా మార్చాను. నాలుగు జీల (మన బరువుకి నాలుగు రెట్లు తోచే) మలుపులో దాని ముందుకి చుక్క తీసుకెళ్లాలి. అక్కడ మొదలైంది పాత కథ: కాస్త లాగితే విమానం ఒణుకుతుంది, ఇంకాస్త లాగితే ఒక రెక్క పడిపోతుంది, వదిలితే చుక్క వెనకబడుతుంది. కర్వేచర్ 50 పెట్టి చూస్తే ఇంకా ఎక్కువైంది. మెత్తబడాల్సింది గరుకైంది.

కంట్రోల్ ఇండికేటర్ చూస్తే కారణం కనిపించింది. మలుపులో ఒణుకు మొదలయ్యే చోటు, విమానానికి చేరే అవుట్ విలువ సగం దగ్గర. అంటే మలుపులో నా చెయ్యి మధ్యలో ఉండనే ఉండదు. సగం దగ్గర గురి చూస్తూ, మధ్యలో మెత్తగా చేసుకుంటే నాకేం లాభం?

కాగితం మీద

కర్వ్‌ని లెక్కలో చూడటానికి చాలాచోట్ల వాడే ఘనసూత్రం తీసుకున్నాను. ఇన్‌పుట్‌లో కొంత భాగం తిన్నగా, మిగతా భాగం ఇన్‌పుట్ ఘనంగా. 30 అంటే 0.7 వంతు తిన్నగా, 0.3 వంతు ఘనం. వాలు అంటే, చెయ్యి ఒక శాతం కదిలితే విమానానికి ఎన్ని శాతాలు చేరతాయన్నది.

30 దగ్గర మధ్యలో వాలు 0.7. చివర 1.6. 50 దగ్గర మధ్యలో 0.5, చివర 2. మధ్యలో తగ్గించినదంతా చివర ఎక్కడో తిరిగి కట్టాల్సిందే, ఎందుకంటే మొత్తం 100 నుంచి 100కే చేరాలి. దుప్పటి పొట్టిదైనప్పుడు తల కప్పితే కాళ్లు బయటపడతాయి. ఏ అంకె పెట్టినా వాలు 1ని దాటే చోటు ఒకటే: చెయ్యి 58 శాతం ప్రయాణించిన చోటు.

ఇప్పుడు నాకు కావాల్సిన చోట ఎంతుందో చూశాను. అవుట్ 50 దగ్గర తిన్నటి గీతలో వాలు 1. కర్వేచర్ 30లో 1.04. 50లో 1.2. అవుట్ 60 దగ్గరైతే 30కి 1.15, 50కి 1.37. అంటే స్టాల్ (రెక్కలు గాలి మీద పట్టు కోల్పోవడం) అంచు మీద ముక్కు నిలపాల్సిన చోట, కర్వ్ పెంచేకొద్దీ స్టిక్ ఇంకా చురుకైపోతోంది. చేతికి తోచిందే కాగితం మీదా వచ్చింది.

జీల లెక్క కూడా వేశాను. మస్టాంగ్ క్లీన్‌గా, అంటే చక్రాలు, ఫ్లాప్స్ ఎత్తి ఉన్నప్పుడు, సుమారు 100 మైళ్ల దగ్గర స్టాల్ అవుతుంది. లిఫ్ట్ (రెక్కలు ఎత్తే బలం) వేగం వర్గానికి అనుపాతం కాబట్టి 250 మైళ్ల దగ్గర గరిష్ఠంగా 6.25 జీలు లాగొచ్చు. ట్రిమ్‌లో 1 జీ మీదున్నాం, మిగిలింది 5.25. నా జాయ్‌స్టిక్ పిడి పైభాగం మధ్య నుంచి వెనక చివరికి దాదాపు 7 సెంటీమీటర్లు కదులుతుంది. ఒణుకు మొదలయ్యే 49 శాతం అంటే తిన్నటి గీతలో 34 మిల్లీమీటర్లు. మిల్లీమీటరుకి 0.15 జీ. గురి చూస్తున్న చెయ్యి మిల్లీమీటరు కదలడం మామూలే.

అసలు విమానాల్లో ఇది ఎలా ఉండేదో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. అమెరికాలో నాసాకి ముందున్న సంస్థ ఎన్‌ఏసీఏ 1942లో స్పిట్‌ఫైర్ 5ఏని పరీక్షించింది. మలుపులో స్టాల్ దాకా పోవడానికి స్టిక్ ముప్పావు అంగుళం కదిపితే చాలని రాసింది. కోరదగినదిగా వాళ్లు పెట్టుకున్నది 4 అంగుళాలు. ముప్పావు అంగుళమంటే 19 మిల్లీమీటర్లు, నా జాయ్‌స్టిక్ ఇచ్చే 34 కంటే తక్కువ. అయినా ఆ పైలట్లు గురి చూసి కొట్టారు. వాళ్లకి దూరంతో పాటు బలం తెలిసేది, వీపుకి జీలు తెలిసేవి. మస్టాంగ్ ఎలివేటర్ వ్యవస్థలో బాబ్‌వెయిట్ అనే బరువు పెట్టింది కూడా అందుకే, జీలు పెరిగేకొద్దీ స్టిక్ బరువెక్కాలని. నా స్ప్రింగ్‌కి 150 మైళ్లకీ 350 మైళ్లకీ తేడా తెలియదు. బలం లేని చోట దూరంతోనే ఆ పని చేయించాలి, కాబట్టి ఒక్కో జీకి ఎన్ని మిల్లీమీటర్లు దొరుకుతాయన్నదే నాకు అసలు సెట్టింగ్.

గురువారం: శాచురేషన్ వై, తోక చక్రం

మొదట తట్టిన దారి శాచురేషన్ వై. దాన్ని 70కి తగ్గిస్తే చెయ్యి 100 శాతం పోయినా విమానానికి 70 మాత్రమే చేరుతుంది. గీత తిన్నగానే ఉంటుంది, వాలు అన్నిచోట్లా 0.7. మలుపులో అచ్చం నేను కోరుకున్నదే. గాల్లో ఉన్నంతసేపు బాగుంది.

నేల మీదికి వచ్చాక కుదరలేదు. మస్టాంగ్ తోక చక్రం స్టిక్ వెనక్కి ఉన్నప్పుడు తాళం పడి, రడ్డర్‌తో పాటు కొద్దిగా మాత్రమే తిరుగుతుంది. పదునుగా తిరగాలంటే స్టిక్‌ని పూర్తిగా ముందుకు నెట్టాలి, అప్పుడు తాళం విడుతుంది. 70 దగ్గర ఆగిపోయే స్టిక్‌తో ఆ చివర అందదు. స్పిన్ (విమానం గిరగిరా తిరుగుతూ పడిపోవడం) నుంచి బయటపడటానికీ పూర్తి కదలిక కావాలి. ఫ్లాప్స్ దించి నేలకి దగ్గరగా వచ్చినప్పుడు మూడు చక్రాల మీద దింపాలంటే ఎలివేటర్ చివరిదాకా అవసరం. వై తగ్గించడం జెట్‌లో రడ్డర్‌కో మరోదానికో సరిపోవచ్చు, తోక చక్రం విమానంలో పిచ్‌కి వద్దు.

శుక్రవారం రాత్రి: యూజర్ కర్వ్

యాక్సిస్ ట్యూన్‌లో యూజర్ కర్వ్ టిక్ పెడితే పదకొండు నిలువు స్లైడర్లు వస్తాయి. మధ్య నుంచి అంచు దాకా ఒక్కో పది శాతానికి అవుట్ ఎంతో మనమే చెప్పొచ్చు. రెండో వైపు అద్దంలోలా అదే వస్తుంది. నా కర్వ్:

0, 7, 14, 21, 28, 35, 42, 49, 58, 76, 100.

చెయ్యి 70 శాతం పోయేదాకా వాలు 0.7, ఎక్కడా మారదు. అవుట్ 49 దాకా, అంటే ఒణుకు అంచు దాకా, చేతికి ఒకే భాష. అక్కడి నుంచి 0.9, తర్వాత 1.8, చివర 2.4. ఇప్పుడు 49 శాతానికి పిడి ప్రయాణం 34 మిల్లీమీటర్ల బదులు 49. మిల్లీమీటరుకి 0.15 జీ కాస్తా 0.11 అయింది. మధ్యలో మెత్తదనం కర్వేచర్ 30లో ఉన్నంతే, మలుపులో దానికంటే మూడోవంతు నెమ్మది.

మలుపు మిషన్ పెట్టాను. 109 ఎడమకి వంగింది, వెనకే వంగాను, లాగాను. ఒణుకు వస్తుందని ముందే చేతికి తెలుస్తోంది. పిడి తొడ వైపు ఇంత దూరం వచ్చిందంటే ఆ తర్వాత ఒణుకే. ఒణుకు మొదలైన చోటు నుంచి వెంట్రుక వాసి వదిలి పట్టుకుంటే విమానం అక్కడే నిలబడింది. చుక్క 109 ముక్కు ముందు నుంచి మెల్లగా వెనక్కి జారుతోంది, జారడం ఆపడానికి ఒక చిన్న లాగు చాలింది. చుక్క ఆగింది. ఆరు బ్రౌనింగ్ తుపాకులు ఒక సెకను. కుడి రెక్క మొదట్లో మెరుపులు, వెంటనే తెల్లటి చారలా కూలెంట్ బయటికి. ఎన్నాళ్లుగా చూడాలనుకున్నది ఇదే.

ఒక మాట జూమ్ గురించి. జూమ్ చేస్తే లక్ష్యం పెద్దదవుతుంది, ఊగడం కూడా అంతే పెద్దగా కనిపిస్తుంది, చూసి భయపడి చెయ్యి ఎక్కువ సరిదిద్దుతుంది. పరీక్షలన్నిటికీ ఒకే చూపు కోణం ఉంచండి, లేకపోతే కర్వ్ మారిందో కన్ను మారిందో తెలియదు.

శనివారం: రోల్, రడ్డర్, థ్రాటిల్

రోల్‌కి మామూలు కర్వేచర్ 20 చాలు. ఐలెరాన్‌తో సన్నటి పని మధ్యలోనే ఉంటుంది, రెక్కలు సమంగా పట్టుకోవడం. శత్రువు నుంచి తప్పించుకోవడానికి ఒక్కసారిగా వంగేటప్పుడు పూర్తిగా కొడతాం, అప్పుడు సన్నదనం అక్కర్లేదు. ఘనకర్వ్ పుట్టిందే ఇలాంటి అక్షానికి. పిచ్‌కి పనికిరానిది రోల్‌కి సరిగ్గా కుదిరింది.

రడ్డర్‌కి 25. ఇంతకంటే పెంచితే చివర్లో వాలు ఎక్కువై, 8 బిట్ల మెట్లు విమానంలో గెంతులుగా తెలుస్తాయి. టేకాఫ్‌లో రడ్డర్ ట్రిమ్ కుడికి 6 డిగ్రీలు పెట్టుకుంటే పిడిని అంత తిప్పాల్సిన పనే రాదు. థ్రాటిల్‌కి స్లైడర్ టిక్ పెట్టాలి, కర్వ్ సున్నా. అంతే.

ఆదివారం: ల్యాండింగ్ సంగతి

పిచ్ కర్వ్ చివర్లో వాలు 2.4 ఉంది కదా, దింపేటప్పుడు స్టిక్ అక్కడికే వస్తుంది, విమానం గెంతుతుందేమోనని సందేహం ఉండింది. కాకసస్ మ్యాప్‌లోని కోబులేటి విమానాశ్రయంలో వరసగా దింపుతూ చూశాను. గెంతలేదు. కారణం చూపించే లెక్క ఇది: 250 మైళ్లతో పోలిస్తే 100 మైళ్ల దగ్గర గాలి ఒత్తిడి వేగం వర్గం ప్రకారం 0.16 వంతే. 2.4ని 0.16తో గుణిస్తే 0.38. యుద్ధ వేగంలో మధ్యలో ఉన్న 0.7 కంటే ఇది తక్కువ. అంటే కర్వ్‌లో గరుకు భాగం, విమానం తానే మొద్దుబారే వేగంలో మాత్రమే వాడుకలోకి వస్తోంది. ఎక్కువ వేగంలో ఆ భాగానికి చేరేలోపే స్టాల్, కాబట్టి అక్కడ ఎలాగూ చెయ్యి పెట్టం. ఎఫ్-16 లాంటి జెట్‌లకి ఈ వాదన ఇలాగే నిలవదు. వాటిలో కంప్యూటర్ మధ్యలో ఉండి స్టిక్‌కి జీలో కోణాలో అర్థం చెబుతుంది. పిస్టన్ విమానాలకి మాత్రం ఈ ఆకారం నప్పింది.

సోమవారం రాత్రి: బావ స్పిట్‌ఫైర్

"నా దానికి నీ అంకెలే పెట్టేస్తా బావా."

"వద్దు. ముందు ట్రిమ్ చేసి మలుపులో లాగు. ఒణుకు ఎక్కడ మొదలైందో ఇండికేటర్‌లో చూసి చెప్పు."

చెప్పాడు. మస్టాంగ్ కంటే బాగా ముందుగానే, 30 చుట్టూ. స్పిట్‌ఫైర్ ఎలివేటర్ సంగతి తెలిసినవాళ్లకి వింతేం కాదు. వాడికోసం గీత ఇలా గీశాం: 0, 5, 10, 15, 20, 25, 30, 36, 48, 70, 100. చెయ్యి 60 శాతం పోయేదాకా వాలు 0.5. వాడి జాయ్‌స్టిక్‌లో హాల్ సెన్సర్లు (అయస్కాంతంతో పనిచేసేవి), మధ్యలో తేడా కనిపించదు, కాబట్టి డెడ్‌జోన్ సున్నా. ఎగిరి వచ్చాక అన్న మొదటి మాట, "బావా, ఇది మలుపులో ఆగుతోంది!"

అంకెలు ఎత్తుకుపోకండి, పద్ధతి తీసుకోండి. మీ విమానంలో ఒణుకు ఏ అవుట్ దగ్గర మొదలవుతుందో కనుక్కుని, అంతదాకా ఒకే వాలు ఉంచి, మిగిలినది చివర సర్దండి. జాయ్‌స్టిక్ కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో కూడా కర్వ్ ఉంటే దాన్ని తిన్నగా ఉంచండి. రెండు కర్వ్‌లు ఒకదాని మీద ఒకటి పడితే ఏ లెక్కా నిలవదు.

మంగళవారం: ఫైళ్లు

డీసీఎస్‌లో కర్వ్‌లు ఒక్కో విమానానికి విడివిడిగా ఉంటాయి. సేవ్డ్ గేమ్స్‌లో డీసీఎస్ ఫోల్డర్, అందులో కాన్ఫిగ్, అందులో ఇన్‌పుట్, అందులో విమానం పేరు, ఆ లోపల జాయ్‌స్టిక్ ఫోల్డర్‌లో డిఫ్ డాట్ లువా ఫైలు. పేరులో జాయ్‌స్టిక్‌తో పాటు ఒక పొడవాటి గుర్తింపు సంఖ్య ఉంటుంది. యూఎస్‌బీ పోర్టు మారిస్తే ఒక్కోసారి ఆ సంఖ్య మారి, సెట్టింగులు మాయమైనట్టు కనిపిస్తాయి. పాత ఫైలు అక్కడే ఉంటుంది, లోపలిది కొత్తదాంట్లోకి కాపీ చేస్తే సరి. నేను ఇన్‌పుట్ ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్నాను, పోర్టు మీద చిన్న స్టిక్కర్ అంటించాను.

ఇక కె-14ని గైరోలో పెట్టి, రెండు 109లతో మలుపు మిషన్ చేస్తున్నాను. కర్వ్ ముట్టుకోను. ఈసారి సర్దాల్సింది థ్రాటిల్ పిడి మీద రేంజ్ తిప్పే బటన్లు.